చెప్పులు ‘చెప్పే’ పద్ధతి: ఇంకొకరి కాళ్ల నొప్పికి ఏది సూచించాలో తేల్చుకోవడం ఎలా?

“మీరు వేసుకునేవి ఏ కంపెనీవండీ? లింకు పంపరా?” నా మడమ నొప్పి తగ్గిన సంగతి ఒకసారి రాసిన పాపానికి ఈ ప్రశ్న వారానికి రెండుసార్లయినా వస్తోంది. “మా అత్తగారికి కొనాలి”, “నాన్నకి పంపాలి” అనేవాళ్లే ఎక్కువ.

లింకులు పంపడం మానేశాను. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. మడమ కింద పెట్టుకునే సిలికాన్ హీల్ ప్యాడ్ నాకు పనికొచ్చింది. ఆ ఊపులో, కాళ్ల గురించి నాకంతా తెలిసిపోయిందనుకుని, మా పిన్నికి బుడిపెలుండే అక్యుప్రెషర్ చెప్పులు కొనిపించాను. ఆవిడకి పన్నెండేళ్లుగా షుగరు. అరికాల్లో బొబ్బ లేచి, పగిలి, నేల మీద మరక పడితే బాబాయి చూసి అడిగేదాకా ఆవిడకే తెలియలేదు. నొప్పి లేదు మరి. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

అప్పట్నుంచి వస్తువు పేరు ఆఖర్న చెప్తున్నాను. ముందు కాలు సంగతి అడుగుతున్నాను. ఆ వరుసే ఇది.

## 1. మీరు నోరు మెదపకూడని కాళ్లు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చెప్పుల మాట ఎత్తకండి. డాక్టరు దగ్గరికి పంపండి.

- ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే. రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు చూపించాలి.
- దెబ్బ తగిలాక కాలు కింద మోపలేకపోతే.
- మానని పుండు, నల్లబడిన వేలు ఉంటే.
- షుగరున్నవాళ్ల పాదం ఉన్నట్టుండి వాచి వేడెక్కితే, నొప్పి లేకపోయినా సరే.
- బొటనవేలి మొదలు రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే.
- కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే మళ్లీ వస్తుంటే. ఇది రక్తప్రసరణ సంగతి కావొచ్చు. ఇలాంటివాళ్లకి బిగుతు సాక్సులు అసలు చెప్పకూడదు.
- చిన్న వయసువాళ్లకి మడమలతో పాటు నడుము కూడా పొద్దున అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే.

అరికాళ్ల మంటల గురించి విడిగా ఒక మాట. “మంటలకి ఏ చెప్పులు మంచివి?” అని చాలామంది అడుగుతారు. మంటలకి కారణం తరచుగా చెప్పుల్లో ఉండదు. షుగరు, బి12 లోపం లాంటివి ముందు చూసుకోవాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే. రక్తపరీక్షకి పెట్టాల్సిన డబ్బు మెత్తటి చెప్పులకి పెట్టించకండి.

## 2. వేలు పెట్టి చూపించమనండి

మన భాషలోనే ఒక చిక్కుంది. తొడ నుంచి గోటి దాకా మనకి అంతా ‘కాలే’. “కాళ్లు లాగేస్తున్నాయమ్మా” అన్నారంటే అది మోకాలో, పిక్కో, పాదమో, ఒక్కోసారి నడుము దగ్గర నరం నొక్కుకుని కిందికి దిగే నొప్పో. మోకాలి నొప్పికి ఇన్‌సోల్ (షూ లోపల పరిచే మెత్త) కొనిచ్చి, “పని చెయ్యలేదు” అనిపించుకున్నవాళ్లు నాకు తెలుసు.

అందుకే ఒకే ఒక్క వేలితో చోటు చూపించమనండి. దూరాన ఉంటే ఆ వేలు పెట్టి ఫొటో తీసి పంపమనండి. తర్వాత, ఎప్పుడు ఎక్కువగా ఉంటుందో అడగండి.

మడమ అడుగున, కాస్త లోపలి వైపు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులు నరకం. నాలుగడుగులు వేశాక నయం. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాల్లో సాగే పట్టీ రేగినప్పుడు ఇలా ఉంటుంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. బయటి వస్తువు కాస్త సాయం చేసే నొప్పుల్లో ముందు చెప్పుకోవాల్సింది ఇదే.

మడమ వెనక, షూ అంచు తగిలే చోట. అడుగున పెట్టే మెత్తలు కాదు, వెనక గట్టి అంచు లేని చెప్పు కావాలి.

వేళ్ల మొదళ్ల కింద, పాదం ముందు భాగంలో. ఎత్తు మడమలు, పలచబడిపోయిన అట్టలు కారణం కావొచ్చు. రాయి మీద నిలబడ్డట్టుంది అంటారు.

మూడు, నాలుగు వేళ్ల మధ్య షాక్ కొట్టినట్టు, తిమ్మిరిగా. మొన ఇరుకుగా ఉన్న చెప్పు మానేసి వెడల్పుది వాడాలి. తగ్గకపోతే చూపించాలి.

బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి. దీనికి మెత్తదనం కన్నా వెడల్పు ముఖ్యం. వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ ముక్కలు ఎముకని వెనక్కి తిప్పవు. రాపిడి తగ్గిస్తాయి, అంతే.

చోటు చూపించలేక “అంతా నొప్పే” అంటే వస్తువు సూచించకండి. వారం రోజులు గమనించి చెప్పమనండి.

## 3. షుగరుందా? అయితే ఆరు తాకుళ్ల పరీక్ష

నలభై దాటిన ఎవరినైనా ఈ ప్రశ్న అడగండి. ఇంకో ప్రశ్న దీనికి తోడు: “నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా ముందుకెళ్లిపోయారా ఎప్పుడైనా?” అవునంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించారు. పరికరం ఏదీ అక్కర్లేదు.

1. మనిషిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. తాకినట్టు తెలిస్తే “కుడి” అనో “ఎడమ” అనో చెప్పమనండి.
2. మీ చూపుడువేలి కొసతో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలని ఒక్కొక్కటిగా తాకండి. మొత్తం ఆరు తాకుళ్లు.
3. ఒకటి రెండు సెకన్లు, ఈక వాలినట్టు తాకితే చాలు. నొక్కకూడదు, తట్టకూడదు. తెలియలేదని అదే వేలిని మళ్లీ తాకకూడదు.

ఆరింట్లో రెండు, అంతకన్నా ఎక్కువ తెలియకపోతే ఆ పాదానికి మీరు వస్తువు ఎంచకూడదు. షుగరు డాక్టరుకి చెప్పి, పాదం చూపించి, ఆయన రాసిచ్చిన చెప్పులే వాడాలి. ఆరూ తెలిసినంత మాత్రాన ఏడాదికోసారి డాక్టరు చేసే పాదాల పరీక్ష మానకూడదు.

స్పర్శ తగ్గిన పాదానికి ఇవి వద్దని మాత్రం గట్టిగా చెప్పండి: అక్యుప్రెషర్ చెప్పులు, వేడినీళ్ల టబ్బులు, వేడి చేసే మసాజర్లు, ఆనెకాయలకి అంటించే మందు పట్టీలు. ఆ పట్టీల్లో ఉండే ఆమ్లం ఆనెనే కాదు, పక్కనున్న చర్మాన్నీ తినేస్తుంది. వాళ్లకి మంట తెలియదు.

## 4. ఆ కాలు రోజంతా ఎక్కడ గడుపుతోంది?

విదేశీ సలహాలు మన ఇళ్లలో బెడిసికొట్టేది ఇక్కడే. వాళ్లు ఇంట్లోనూ షూ వేసుకుంటారనుకుని చెప్పే మాటలవి. మన అమ్మలు పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటి దాకా టైల్స్ మీదో, గ్రానైట్ మీదో ఒట్టికాళ్లతో తిరుగుతారు. చెప్పులు వేసుకునేది కూరగాయలకి వెళ్లే అరగంట. ఆ అరగంటకి మీరెంత ఖరీదైన షూ కొనిచ్చినా మిగతా పదహారున్నర గంటలు మడమ బండని గుద్దుకుంటూనే ఉంటుంది.

కాబట్టి అడగండి:

- పొద్దున్నించి రాత్రి దాకా ఎన్ని గంటలు నిలబడతారు? ఎక్కడ? స్టవ్ ముందా, షాపులోనా, క్లాసులోనా, పొలంలోనా?
- అందులో చెప్పులతో గడిపేది ఎంతసేపు?
- ఇంట్లో చెప్పులు వేసుకుంటారా? వద్దంటే ఎందుకు వద్దు?

ఆ “ఎందుకు”లోనే అసలు పనుంటుంది. మా అత్తయ్య ఏడాది పాటు ఇంట్లో చెప్పులంటే ఒప్పుకోలేదు. “వంటింట్లో చెప్పులేమిటే, దేవుడి గది పక్కనే ఉంటే?” అనేది. వాదించి లాభం లేదు. గడప దాటని కొత్త జత ఒకటి కొని, సబ్బుతో కడిగి, మంచం పక్కన పెట్టాం. దేవుడి గది ముందు విడిచే చోట చిన్న పట్టా వేశాం. “ఇవి వీధి మొహం చూడలేదు అత్తయ్యా” అన్న మాటకి ఒప్పుకుంది.

అప్పటికీ ఒప్పుకోని వాళ్లకి స్టవ్ ముందు, సింకు ముందు మందపాటి, జారని అడుగున్న చాప చెప్పండి. సగం మేలైనా దక్కుతుంది. షుగరుండి స్పర్శ తగ్గినవాళ్ల విషయంలో ఈ రాజీ పనికిరాదు. ఇంట్లో కూడా చెప్పులుండాల్సిందే.

ఇంకొన్ని మన సంగతులు:

మెట్టెలు. రెండో వేలికి మెట్టెలున్నవాళ్లకి ముందు మూసి ఉన్న ఇరుకు షూ చెప్తే వెండి పక్క వేలిలోకి దిగుతుంది. వేళ్లు విడదీసే సిలికాన్ సామాను అసలే పట్టదు. ముందు తెరిచి, వెనక పట్టీ ఉన్నవి చూడండి.

గుడి. బయట విడిచి వెళ్లాలి, పోతాయేమోనని భయం. అందుకే “ఖరీదైనవి వద్దు” అంటారు. గుడికి పాత జత, నడకకి కొత్త జత అని విడగొట్టండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఒట్టికాళ్లతో ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లకి స్పర్శ తగ్గి ఉంటే, ఎండాకాలం మధ్యాహ్నం కాలిన బండ కూడా తెలియదని ముందే చెప్పండి.

బాత్రూము. అది వేరే జత. తడి టైల్స్ మీద అరిగిపోయిన రబ్బరు చెప్పు పెద్దవాళ్ల తుంటి ఎముక మీదికి తెస్తుంది.

## 5. కొలత: “ఏడో నంబరు” అన్న మాట నమ్మకండి

“నీ నంబరెంత?” అంటే అందరూ పెళ్లినాటి నంబరే చెప్తారు. వయసుతో, బరువుతో, కాన్పులతో పాదం వెడల్పవుతుంది, పొడవూ కాస్త పెరగొచ్చు.

1. సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది.
2. గోడకి మడమ ఆనించి, కాగితం మీద నిలబడమనండి. కూర్చుని కొలిస్తే తక్కువొస్తుంది.
3. పెన్సిలు నిలువుగా పట్టుకుని చుట్టూ గీయండి. వాలిస్తే గీత పాదం కిందికి పోతుంది.
4. గోడ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస దాకా కొలవండి. కొందరికి అది రెండో వేలు.
5. అన్నిటికన్నా వెడల్పైన చోటు కూడా కొలవండి.
6. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఆ సెంటీమీటర్లని కంపెనీవాళ్ల పట్టికతో పోల్చండి. షూలో పొడవైన వేలి ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం గీసిన కాగితాన్ని కత్తిరించి షాపుకి తీసుకెళ్లి చెప్పు మీద పరిచి చూస్తే, ఎక్కడ బయటికొస్తుందో అక్కడే కరుస్తుంది.

అమెరికా నుంచి పంపే కొడుకులూ కూతుళ్లూ ఇక్కడ ఆగండి. మన దగ్గర ఎక్కువగా నడిచేది బ్రిటిష్ నంబర్లు. మగవాళ్లకి అమెరికా 9 అంటే ఇక్కడి 8కి దగ్గర. ఆడవాళ్లకి అమెరికా 8 అంటే ఇక్కడి 6కి దగ్గర. ఒక నంబరు తేడా అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. సూట్‌కేసులో సముద్రాలు దాటొచ్చి అటక మీద కూర్చున్న షూ జతలు మా వీధిలోనే నాలుగైదు ఉంటాయి.

## 6. ఇప్పుడు వస్తువు

పేరు కాదు, రకం చెప్పండి.

హీల్ ప్యాడ్, హీల్ కప్. మడమ అడుగు నొప్పికి. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు కాళ్లకీ పెట్టించండి, లేకపోతే ఒక కాలు ఎత్తవుతుంది. మడమ పైకి లేచి షూలోంచి జారుతుంటే ప్యాడ్ మరీ మందమని అర్థం. దీంతో పాటు పిక్కలు సాగదీయడం చెప్పకపోతే సగం పనే చేసినట్టు: గోడకి చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి చాచి, మడమ నేలకి అంటించి ముప్పై సెకన్లు, మూడుసార్లు, పూటకోసారి. ఈ నొప్పి తగ్గడానికి నెలలు పడుతుందనీ ముందే చెప్పండి.

పూర్తి ఇన్‌సోల్. షూలో ముందే ఉన్న అట్ట తీసి ఇది వేయాలి. దాని మీదే వేస్తే పైన బిగిసి వేళ్లు నలుగుతాయి. “ఇన్‌సోల్ వేశాక ఇంకా నొప్పి” అనేవాళ్లని నేను మొదట అడిగేది ఇదే. పాత అట్ట ఊడి రాని షూ అయితే ముప్పావు పొడవు ఇన్‌సోల్ చూడండి.

ముందు పాదం మెత్త. నూటికి తొంభైమంది దీన్ని నొప్పి ఉన్నచోటే అంటిస్తారనిపిస్తుంది నాకు. అది తప్పు. నొప్పి చోటుకి కాస్త వెనక, మడమ వైపు ఉండాలి. చోటు దొరకడానికి చిట్కా: నొప్పి చోట కాస్త లిప్‌స్టిక్ రాసి, షూలో కాలు పెట్టి నిలబడి తీయండి. లోపలి అట్ట మీద పడిన మచ్చకి వెనక అంటించండి.

మెమొరీ ఫోమ్ చెప్పులు. షాపులో దూదిలా ఉంటాయి, అందుకే అమ్ముడుపోతాయి. బరువున్న మనిషి కింద కొద్ది నెలల్లో అణిగి అట్టయిపోతాయి. తూలే పెద్దవాళ్లకి మరీ మెత్తటి, మందపాటి అడుగు ప్రమాదం కూడా. పాదం కింద నేల తెలియదు.

ఎంసీఆర్ చెప్పులు. పేరు మెత్తగా పొంగిన ఒక రకం రబ్బరుది. పాదానికి తగిలేది ఆ రబ్బరు, కింద గట్టి అడుగు. ఇప్పుడు మెత్తగా ఉన్న ప్రతిదాన్నీ షాపుల్లో ‘డాక్టర్ చెప్పులు’ అనే అమ్ముతున్నారు. షుగరు పాదాలకైతే వెనక పట్టీ, సర్దుకునే వెల్క్రో, ఎక్కడా మేకు లేకపోవడం చూడాలి. బొటనవేలి సందులో దూర్చే హవాయి రకం వద్దు. ఆ సందులోనే ఒరుసుకుని పుండు పడుతుంది.

## 7. షాపులో ఒక్క నిమిషం

- చెప్పుని రెండు చేతులా పట్టి వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడిమికి మడతపడితే పక్కన పెట్టేయండి.
- తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. తేలిగ్గా మెలిపడితే ఆసరా లేనట్టే.
- మడమ చోట బొటనవేలితో నొక్కి వదలండి. గుంట వెంటనే పూడాలి.
- లోపల చెయ్యి పెట్టి కుట్టు ముళ్లు, మేకులు తడిమి చూడండి.
- రెండు కాళ్లకీ వేసుకుని పది నిమిషాలు నడవనివ్వండి. “కొత్తలో కరుస్తుంది, వాడితే సర్దుకుంటుంది” అన్న మాట నమ్మొద్దు.

## 8. చెప్పే తీరు

పెద్దవాళ్లకి “ఇవి వేసుకోండి” అంటే “మాకిప్పుడు ఎందుకులే” అంటారు. మొహమాటపడేవాళ్లు “బాగున్నాయి” అని చెప్పి బీరువాలో పెడతారు. దాచినవాటిలో పీయూ (పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్) అడుగున్నవి గాలిలోని తేమకే కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతాయి. అది చూసి “నువ్వు చెప్పినవి ఎంత నాసిరకమో చూడు” అన్న నింద మీకు.

నేను పంపే సందేశం ఇలా ఉంటుంది:

“బావగారూ, మీరు చూపించిన చోటుని బట్టి మడమ కింద మెత్త కాస్త సాయం చేయొచ్చు. నాకు పనికొచ్చింది కదాని మీకూ పనికొస్తుందని కాదు. వాపసు తీసుకునే చోటే కొనండి, ముందు ఒక్క జతే. పదిహేను రోజులకి తేడా లేకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి. ఈలోగా ఎక్కడైనా ఎర్రబడితే తీసేసి నాకు ఫోన్ చేయండి.”

ఇందులో నాలుగు ఉన్నాయో లేదో చూసుకోండి: ఏ నొప్పికి, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి, పని చేయకపోతే ఎటు వెళ్లాలి. “అద్భుతంగా పని చేస్తుంది” అన్న మాట లేకపోవడం కూడా చూసుకోండి.

మీరే కొనిచ్చేటప్పుడు: చెప్పులు, గొడుగు అపరకర్మల్లో దానమిచ్చే వస్తువులు కాబట్టి కొందరు పెద్దలు ఊరికే పుచ్చుకోరు. మా ఇంట్లో తాతయ్య చేతిలోంచి ఒక రూపాయి తీసుకున్నాకే ఇచ్చాం. “కొనుక్కున్నాను” అని ఆయన వేసుకున్నాడు.

ఆన్‌లైన్ అయితే ట్యాగు తెంపకుండా, తుడిచిన నేల మీద నడిచి చూడమనండి.

## 9. మొదటి పదిహేను రోజులు

1–3 రోజులు: రోజుకి గంట, రెండు గంటలు, ఇంట్లోనే. తీసిన వెంటనే పాదం చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టుకోవాలి, లేదా ఫోనుతో ఫొటో తీయాలి.

4–7 రోజులు: రోజుకి ఇంకో గంట చొప్పున పెంచాలి.

రెండో వారం: రోజంతా. పెళ్లికో, ఊరి ప్రయాణానికో కొత్త జత ఆ రోజే తీయకూడదు.

ఈలోగా వచ్చే ఫిర్యాదులు:

- *“అరికాలి మధ్య ఏదో గుచ్చుకుంటోంది.”* ఆర్చి, అంటే అరికాలి వంపు కింద ఉండే ఎత్తు, పాదానికి కొత్త. గంటలు తగ్గించండి. వారం దాటినా ఉంటే ఎత్తు తక్కువది చూడండి.
- *“మడమ తగ్గింది కానీ మోకాలు మొదలైంది.”* ఆపేయండి. సర్దుకుంటుందని సర్దిచెప్పకండి.
- *“చెమట, వాసన.”* సిలికాన్‌ని రోజూ కడిగి నీడలో ఆరబెట్టాలి.
- *“ఎర్రటి మచ్చ పడింది.”* తీసి అరగంట చూడండి. మచ్చ పోకపోతే ఆ జత పనికిరాదు. స్పర్శ తగ్గిన పాదమైతే అరగంట కూడా ఆగొద్దు, చూపించండి.
- *“ఏమీ తేడా లేదు.”* రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నారో అడగండి. చాలాసార్లు జవాబు “గుమ్మం బయటే ఉన్నాయి” అని వస్తుంది.

పదిహేనో రోజు ఫోన్ చేసి “ఎలా ఉన్నాయి?” అని అడగకండి. “బాగున్నాయి” అంటారు. “పొద్దున మంచం దిగి బాత్రూముకి ఎలా నడిచావు?” అని అడగండి. మా అత్తయ్యని అలా అడిగిన రోజు కాసేపు ఆలోచించి, “గోడ పట్టుకోలేదే!” అంది. బావగారైతే ప్యాడ్లు నడక షూలో వదిలేసి, ఆఫీసుకి వేరే షూ వేసుకెళ్తున్నారని అప్పుడు తెలిసింది. ఆయనకి మళ్లీ ఈ వరుసలో నాలుగోదాని నుంచి మొదలుపెట్టాను.